వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోవు

విపరీతమైన జ్వరం, తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, పొంతన లేని మాటలు. ఇలా వచ్చిన మనిషిని చూసిన డ్యూటీ డాక్టరు "వెన్నులో నీరు తీసి పరీక్షకు పంపాలి, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారంటే వెంట వచ్చినవాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క ఉండదు. ఒకరు ఊళ్ళో పెద్దాయనకు ఫోన్ చేస్తారు. ఇంకొకరు "ముందు మందులు వాడి చూడండి సార్, తగ్గకపోతే అప్పుడు తీద్దురుగాని" అంటారు. "వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతాయంట కదా" అన్న మాట ఎవరో ఒకరి నోటి నుంచి తప్పకుండా వస్తుంది. అలా గంటలు గడుస్తాయి. ఒక్కోసారి రోజు గడిచిపోతుంది.

నేను కోస్తాలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో మైక్రోబయాలజిస్టును. వార్డులో తీసిన ఆ నీరు చివరికి చేరేది నా బల్ల మీదికే. అందులో ఏ సూక్ష్మజీవి ఉందో చూసి పేరు చెప్పడం నా పని. వేళకు అందిన నీరు మనుషుల్ని ఎలా నిలబెడుతుందో చూశాను. ఆలస్యంగా అందితే, పేరు దొరికినా అప్పటికే వినికిడో చూపో నడకో పోయినవాళ్ళనూ చూశాను. మెదడుకు, దాని పొరలకు, వెన్నుపాముకు బాక్టీరియా సోకితే దాన్ని ఎలా కనిపెడతామో వివరంగా తెలిస్తే, ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరి చెయ్యీ వణకదని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ నీరు ఎక్కడిది, సూది ఎక్కడికి?

మెదడును, వెన్నుపామును మూడు పొరలు కప్పి ఉంచుతాయి. లోపలి రెండు పొరల మధ్య తేటనీరు నిరంతరం పారుతూ ఉంటుంది. మేం సీఎస్‌ఎఫ్ అంటాం, బయట అందరూ వెన్నునీరు అంటారు. పెద్దవాళ్ళలో ఏ సమయానికి చూసినా అది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. శరీరం రోజుకు దాదాపు అరలీటరు కొత్త నీరు తయారుచేసుకుంటుంది, పాతది రక్తంలోకి ఇంకిపోతుంది. పెద్దవాళ్ళ దగ్గర పరీక్షకు తీసేది మామూలుగా 5 నుంచి 10 మిల్లీలీటర్లు. అరగంటలో ఆ లోటు దానంతటదే పూడుతుంది. నీరంతా తోడేస్తారన్న భయానికి ఆధారం లేదు.

వెన్నుపాము కూడా చాలామంది అనుకున్నట్టు వెన్నెముక చివరిదాకా ఉండదు. పెద్దవాళ్ళలో అది నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చేది అంతకంటే కింద, మూడు నాలుగు పూసల మధ్యనో, నాలుగు ఐదు పూసల మధ్యనో. అక్కడ నీటిలో తేలే నరాల పోగులే ఉంటాయి. సూది తగిలితే అవి పక్కకు జరుగుతాయి. పసిపిల్లల్లో వెన్నుపాము మరికాస్త కిందికి ఉంటుంది కాబట్టి వాళ్ళకు పైఖాళీలు వాడరు. 1891లో జర్మనీలోని కీల్ నగరంలో పనిచేసిన హైన్‌రిఖ్ క్వింకే అనే వైద్యుడు, తలలో నీరు నిండి అవస్థపడుతున్న పిల్లలకు ఒత్తిడి తగ్గించడం కోసం ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. అప్పటి నుంచి ప్రపంచమంతటా రోజూ జరుగుతున్న పరీక్ష ఇది.

ఓసారి పిల్లల వార్డు నుంచి శాంపిల్ రావడం ఆలస్యమవుతుంటే నేనే వెళ్ళాను. పిల్లవాడి నాయనమ్మ మంచానికి అడ్డం కూర్చుంది. "డాక్టరమ్మా, బుడ్డోడి నడుం పాడుచేస్తే రేపు వాణ్ణి ఎవరు మోస్తారు?" అంది.

"మామ్మగారూ, మీ కోడలికి ఆపరేషన్ కాన్పేనా?"

"ఆపరేషనేనమ్మా."

"మత్తు కోసం నడుములో సూది వేశారా?"

"వేశారు."

"ఇప్పుడు నడుస్తోందా?"

మామ్మ కోడలి వైపు చూసింది. "రెండు బిందెలు మోస్తదమ్మా" అంటూ కాస్త పక్కకు జరిగింది. సంతకం కొడుకు పెట్టాడు.

సిజేరియన్‌కు ఇచ్చే మత్తు సూది ఈ చోటుకే, ఈ నీటిలోకే వెళ్తుంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఆ సూది వేయించుకున్న తల్లులు లేని వీధి ఉండదు.

మరి ఆ పుకారు ఎందుకు చావడం లేదు? మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ పరీక్ష జరిగేది అందరికంటే విషమించినవాళ్ళకే. మెదడు పొరల్లో చీము చేరినా, క్షయ పట్టినా ఆ జబ్బే నరాల్ని, రక్తనాళాల్ని దెబ్బతీసి కాళ్ళు చేతులు పడిపోయేలా చేస్తుంది. సోమవారం సూది, బుధవారం పక్షవాతం. ఇంట్లోవాళ్ళకు కళ్ళతో చూసింది సూదే కాబట్టి నింద దాని మీద పడుతుంది. లోపల జబ్బు చేసిన పని ఎవరికీ కనబడదు.

ఇబ్బందులు అసలే ఉండవని చెప్పను. కొందరికి పరీక్ష తర్వాత నాలుగైదు రోజులు లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది. సన్న సూది వాడితే అది తగ్గుతుంది. సూది వేసిన చోట సలుపు ఉండొచ్చు. నీరు తీయకూడని సందర్భాలూ ఉన్నాయి. డెంగీలోలాగా ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు, రక్తం పల్చబడే మందులు వాడుతున్నప్పుడు, సూది గుచ్చాల్సిన చోట చర్మం మీద పుండు ఉన్నప్పుడు డాక్టర్లు ఆగుతారు. మెదడులో గడ్డ ఉండి ఒత్తిడి పెరిగిందన్న అనుమానం ఉంటే ముందు సీటీ స్కాన్ తీస్తారు. ఇవన్నీ చూసుకున్నాకే సంతకం అడుగుతారు.

నా బల్ల మీద మొదటి గంట

నీరు మామూలుగా మూడు చిన్న ట్యూబుల్లో వస్తుంది. ఒకటి చక్కెర, ప్రొటీన్ కొలవడానికి, ఒకటి సూక్ష్మజీవుల కోసం, ఒకటి కణాలు లెక్కపెట్టడానికి. మొదట ట్యూబును వెలుతురుకు ఎత్తి చూస్తాను. ఆరోగ్యవంతుడి వెన్నునీటికీ మంచినీటికీ చూపులో తేడా ఉండదు. ట్యూబు వెనక పెట్టిన అచ్చుకాగితం చదవగలగాలి. అక్షరాలు మసకబారాయంటే లోపల తెల్లకణాలు గుంపులు కట్టాయని అర్థం. వెంటనే వార్డుకు ఫోన్ చేసి చెబుతాను, లెక్క ఆ తర్వాత.

మామూలు నీటిలో ఘన మిల్లీమీటరుకు ఐదుకు మించి తెల్లకణాలు ఉండవు. చీము పుట్టించే బాక్టీరియా చేరితే అవి వందలు, వేలు అవుతాయి. వాటిలో ఎక్కువ న్యూట్రోఫిల్స్, అంటే దెబ్బ తగిలిన చోటికి మొదట చేరుకునే కణాలు. క్షయలోనైతే సాధారణంగా పదుల నుంచి కొన్ని వందల దాకా ఉంటాయి, వాటిలో లింఫోసైట్లనే మరో రకం తెల్లకణాలదే పైచేయి. వైరస్ వల్ల వచ్చినప్పుడూ లింఫోసైట్లే ఎక్కువ. ఆ రెండింటినీ విడదీయడానికి అక్కరకొచ్చేది చక్కెర.

వెన్నునీటిలో చక్కెర రక్తంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. బాక్టీరియా చేరినప్పుడు అక్కడి కణాలు చక్కెరను తినేస్తాయి, రక్తం నుంచి రావలసిన సరఫరా కూడా కుంటుపడుతుంది. దాంతో అది సగం కంటే తక్కువకు, ఒక్కోసారి దాదాపు శూన్యానికి పడిపోతుంది. వైరస్ జబ్బుల్లో చాలావరకు చక్కెర తగ్గదు. అందుకే నీరు తీసేటప్పుడే వేలి నుంచో చేతి నుంచో రక్తం తీసి షుగర్ చూడాలి. షుగర్ జబ్బున్న మనిషికి రక్తంలో 300 ఉంటే, వెన్నునీటిలో 70 అనేది మంచి అంకె కాదు. ఒంటరిగా చూస్తే మాత్రం మంచిదిలాగే కనబడుతుంది. ఇక ప్రొటీన్ డెసిలీటరుకు 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. పొరలు వాచి రక్తనాళాలు కారడం మొదలైతే అది వందలకు చేరుతుంది.

ఈ పనులన్నిటికీ గడువు ఉంది. బయటికి తీసిన నీటిలో తెల్లకణాలు గంట రెండు గంటల్లోనే చిట్లిపోవడం మొదలవుతుంది. కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూడడానికి, పంపే ట్యూబును ఫ్రిజ్‌లో అస్సలు పెట్టకూడదు. మెదడు పొరలకు పట్టే కొన్ని బాక్టీరియాకు చలి పడదు, అక్కడే చచ్చిపోతాయి. చచ్చిన జీవిని పెంచి గుర్తుపట్టడం ఎవరి వల్లా కాదు. హౌస్‌సర్జన్లకు నేను ప్రతి ఏడాదీ చెప్పే పాఠం ఒక్కటే, ట్యూబు చేతిలోకి రాగానే మెట్లు దిగి మా గదికి రండి.

రెండు రంగుల్లో దొరికే జవాబు

నీటిని యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరిన మడ్డిని గాజుపలక మీద పరిచి రంగులు వేస్తాను. ముందు ఊదా రంగు, తర్వాత అయోడిన్, ఆపైన స్పిరిటుతో కడగడం, చివరికి ఎరుపు. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో ఉండగా దీని మొదటి రూపాన్ని ప్రచురించాడు. ఊదా రంగును వదలనివి ఒక జాతి, వదిలేసి ఎరుపెక్కేవి ఇంకో జాతి. పది పదిహేను నిమిషాల పని, ఖర్చు కొద్ది రూపాయలు. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చిన ఈ కాలంలోనూ నడిరాత్రి ఒక ప్రాణానికి ఏ మందు ఎక్కాలో చెప్పడానికి ఇంతకంటే త్వరగా దారి చూపేది లేదు.

ఊదా రంగులో, జంటజంటగా, కొసలు మొనదేలిన గుళికలు కనబడితే న్యూమోకాకస్. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనబడేది ఇదే. చెవిలో చీము, న్యుమోనియా ఉన్నవాళ్ళలో వస్తుంది. బైకు ప్రమాదంలో పుర్రె చిట్లి ముక్కు నుంచి నీరు కారుతున్నవాళ్ళలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. తలకు దెబ్బ తగిలాక ఒక ముక్కు రంధ్రం నుంచే తేటనీరు చుక్కలు చుక్కలుగా పడుతుంటే అది జలుబని వదిలేయకండి.

ఎరుపు రంగులో, జంటలుగా, ఎదురెదురుగా ఒత్తుకుని ఉంటే మెనింగోకాకస్. గుంపుల్లో వేగంగా పాకేది ఇది. ఢిల్లీలో 1966లో, 1985లో, 2005లో ఇది ప్రబలింది. ఒంటి మీద ఎర్రని, ఊదా మచ్చలు వచ్చి, గాజుగ్లాసుతో నొక్కినా మాయం కాకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి రావాలి. హజ్ యాత్రకు వెళ్ళేవాళ్ళందరికీ దీని టీకా తప్పనిసరి చేసింది కూడా దీని వేగం చూసే.

ఎరుపు రంగులో సన్నని పొట్టి కడ్డీలైతే చిన్నపిల్లల్లో హిమోఫిలస్ కావచ్చు. నెలలోపు బిడ్డల్లోనైతే ఈ.కోలి, క్లెబ్సియెల్లా వంటి పేగుల బాక్టీరియా మన దేశంలో ఎక్కువ. పసికందుకు మెడ బిగుసుకోదు, తలనొప్పని చెప్పలేదు. పాలు తాగడం మానేయడం, ఒళ్ళు చల్లబడడం, సన్నగా మూలగడం, మాడు ఉబ్బడం, ఇవే దాని భాష.

మిగిలిన నీటిని ఆహారం కలిపిన ప్లేట్ల మీద రాసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతాను. మర్నాటికో మూడో రోజుకో బాక్టీరియా మొలకెత్తుతుంది. ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో అప్పుడు తేలుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పుడు మల్టీప్లెక్స్ పీసీఆర్ ఉంది. పది పన్నెండు రకాల క్రిముల జన్యువుల్ని గంట సేపట్లో ఒకేసారి వెతుకుతుంది. అయినా మందుల లొంగుబాటు చెప్పడానికి కల్చరే కావాలి.

పరీక్ష కోసం మందు ఆగదు

చీము పట్టిన మెనింజైటిస్‌లో, అంటే మెదడు పొరల వాపులో, గంటలు లెక్క. వెన్నునీటిలో రక్తంలో ఉన్నంత రక్షణ బలగం ఉండదు, అందుకే చొరబడిన బాక్టీరియా అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. కాబట్టి స్కాన్ ఆలస్యమైనా, నీరు తీయడం కుదరకపోయినా డాక్టర్లు ఆగరు. రక్తం కల్చర్‌కు తీసి, సెఫ్‌ట్రయాక్సోన్ వంటి యాంటీబయాటిక్ పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు. మొదటి డోసుకు ముందో, దానితో పాటో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం వల్ల పెద్దవాళ్ళలో మరణాలు తగ్గుతాయని 2002లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన పరిశోధన తేల్చింది. మెదడుకు కాపలాగా ఉండే రక్తనాళాల గోడ దాటాలి కాబట్టి ఇక్కడ మాత్రలు చాలవు.

అలాగని నీరు తీయడాన్ని రేపటికి వాయిదా వేయలేం. మొదటి ఇంజక్షన్ పడిన రెండు గంటల్లోపే మెనింగోకాకస్, సుమారు నాలుగు గంటల్లో న్యూమోకాకస్ కల్చర్‌లో మొలకెత్తడం మానేయవచ్చు. మన ఊళ్ళలో జ్వరం వచ్చిన రోజే ఏదో ఒక ఇంజక్షన్ పడుతుంది. రెండు రోజులు కాస్త నెమ్మదించి, మూడో రోజు ఫిట్స్‌తో 108లో వస్తారు. నీటిలో కణాలు, చక్కెర అనుమానం చెబుతాయి, ప్లేటు మీద మాత్రం ఏమీ మొలవదు. అందుకే ఒక విన్నపం. ఊళ్ళో వేసిన ఇంజక్షన్ ఖాళీ సీసా, చీటీ పారేయకండి. పెద్దాసుపత్రికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకు రండి. ఏ మందు, ఎప్పుడు పడిందో తెలిస్తే నా చేతిలోని ఖాళీ ప్లేటును సరిగ్గా అర్థం చేసుకోగలను.

జ్వరం, మెడ బిగుసుకోవడం, స్పృహ తగ్గడం మూడూ కలిసి ఉంటేనే మెదడు పొరల జబ్బు అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లోనే 696 ఉదంతాల్ని పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆ మూడూ కలిసి కనబడింది 44 శాతం మందిలోనే. తలనొప్పిని కూడా కలుపుకుని నాలుగింటిలో ఏవైనా రెండు ఉన్నవాళ్ళు మాత్రం 95 శాతం. జ్వరంతో పాటు మనిషి ధోరణి మారిందంటే చాలు, బయలుదేరాలి.

వారాల తరబడి నటించే క్షయ

నన్ను ఎక్కువగా బాధపెట్టేది క్షయ మెనింజైటిస్. చీము జబ్బు గంటల్లో బయటపడుతుంది కాబట్టి ఆసుపత్రికి పరిగెత్తుతారు. క్షయ అలా రాదు. సాయంత్రంపూట కొద్దిపాటి జ్వరం, అన్నం సయించకపోవడం, చిరాకు, తగ్గీ తగ్గని తలనొప్పి. రెండు మూడు వారాలు అలాగే సాగుతుంది.

డెల్టా పల్లెలో బట్టలు కుట్టుకునే ఒక అమ్మాయి గుర్తుంది. తలనొప్పిని ముందు సైనస్ అన్నారు, తర్వాత మైగ్రేన్ అన్నారు, వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ మందులు వాడారు. మన ప్రాంతంలో ఒంటరి వైడాల్ ఫలితంతో టైఫాయిడ్ అని తేల్చడం నిలబడదు, ఇదివరకటి జ్వరాలు, టీకాలు కూడా దాన్ని పాజిటివ్ చేస్తాయి. ఆ తర్వాత అమ్మాయి తనలో తను మాట్లాడుకోవడం మొదలుపెడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక కన్ను లోపలికి తిరిగి, సూదిలో దారం రెండుగా కనబడుతోందని అన్నాకే మా దగ్గరికి తీసుకొచ్చారు. కంటిని పక్కకు తిప్పే నరం మెదడు అడుగున పొడవుగా పాకుతుంది. క్షయ పట్టేది ఎక్కువగా అక్కడి పొరలకే కాబట్టి ఆ నరం దెబ్బతింటుంది.

ఆమె నీరు చూడడానికి తేటగానే ఉంది. కొంతసేపు కదపకుండా ఉంచితే సాలెగూడు వంటి సన్నని తెర కట్టింది. కణాలు కొన్ని వందలు, లింఫోసైట్లే. చక్కెర తక్కువ, ప్రొటీన్ చాలా ఎక్కువ. క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ యంత్రంలో పెడితే మొదటిసారి నెగెటివ్ వచ్చింది. అయినా వార్డు డాక్టర్లు క్షయ మందులు ఆపలేదు. రెండోసారి ఎక్కువ నీరు తీసి పంపించారు. ఈసారి దొరికింది.

ఈ ఒక్క ఉదంతంలోనే క్షయ మెనింజైటిస్ నిర్ధారణలో ఉన్న చిక్కంతా ఉంది. ఊపిరితిత్తుల క్షయలో తెమడ నిండా క్రిములుంటాయి, వెన్నునీటిలో మాత్రం కొద్దిగానే ఉంటాయి. సూక్ష్మదర్శినిలో అవి చాలాసార్లు చిక్కవు. ఈ.కోలి అనుకూలమైన చోట 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది, క్షయ క్రిమికి అందుకు 15 నుంచి 20 గంటలు పడుతుంది. కల్చర్ తేలడానికి వారాలు కావాలి, ఒక్కోసారి ఎనిమిది వారాలు. మనిషి అంతకాలం ఆగలేడు. సీబీనాట్, మన దేశంలోనే తయారైన ట్రూనాట్ వంటి పరీక్షలు క్రిమి జన్యువును గంటా రెండు గంటల్లో పట్టి, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. నెగెటివ్ వస్తే క్షయ లేదని మాత్రం అనలేం. లక్షణాలు, నీటి లెక్కలు, మెదడు స్కాన్, ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అన్న ప్రశ్న, అన్నీ కలిపి డాక్టరు నిర్ణయం తీసుకోవాలి. నాకు కనీసం 6 మిల్లీలీటర్ల నీరు కావాలని అడిగేది ఇందుకే. నీరు ఎంత ఎక్కువైతే ఆ కొద్దిపాటి క్రిములు చిక్కే అవకాశం అంత ఎక్కువ. రెండోసారి తీయాలన్నా అదే కారణం, మొదటిసారి పరీక్ష చెడిపోయిందని కాదు.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు ఎవరూ బతికేవారు కాదు. ఇప్పుడు స్పృహ చెదరకముందే మందు మొదలైతే చాలామంది కోలుకుంటారు. కోమాలోకి వెళ్ళాక మొదలైతే మందులన్నీ ఉన్నా ఎందరినో పోగొట్టుకుంటాం. మందులు తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా వాడాలి, మొదటి వారాల్లో స్టెరాయిడ్లు కలుపుతారు. జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆ అమ్మాయి ఏడాదీ మందులు మానలేదు, మళ్ళీ కుట్టుమిషన్ దగ్గర కూర్చుంది.

పొదల పురుగు, చెవి చీము, పొరలకు అందనివి

వానాకాలం మొదలు చలికాలం దాకా మరో పేరు గుర్తుపెట్టుకోవాలి, స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికంటే చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల ఓరియెన్షియా అనే బాక్టీరియా ఒంట్లో చేరుతుంది. చిత్తూరు, తిరుపతి వైపు డాక్టర్లకు బాగా పరిచయమైన జ్వరం ఇది. కొందరిలో మెదడుకు, పొరలకు పాకుతుంది. అప్పుడు వెన్నునీటి లెక్కలు క్షయకు దగ్గరగా ఉంటాయి. గుట్టు విప్పేది చర్మం. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుముపట్టీ దగ్గర నొప్పి లేని చిన్న నల్లని పక్కు ఉంటుంది. సిగ్గుపడి చూపించకపోతే అది కనబడదు. రక్తంలో ఐజీఎం ఎలైజా పరీక్ష ఉంది. డాక్సీసైక్లిన్ చవకైన మందు, వేళకు పడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. పొలం పనిచేసి, కట్టెలు కొట్టి, గొర్రెలు కాసి జ్వరంతో వచ్చినవాళ్ళు ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఏళ్ళ తరబడి వాసన కొడుతూ కారే చెవి చీమును తేలిగ్గా తీసుకోకండి. అది ఎముకను తినుకుంటూ మెదడులో గడ్డగా మారవచ్చు. అక్కడ నిర్ధారణ స్కాన్‌తో, చికిత్స గడ్డలోని చీము తీసి, కల్చర్ చేసి, తగిన మందు ఇవ్వడంతో. ధనుర్వాతానికైతే నా బల్ల మీద పరీక్షే లేదు. గాయంలోని క్రిమి విషం నరాలకు చేరి దవడ బిగుసుకుంటుంది, డాక్టరు చూపే నిర్ధారణ. కుష్ఠు క్రిమి నేరుగా చేతుల, కాళ్ళ నరాల్లో కాపురం పెడుతుంది. పాలిపోయిన మచ్చ మీద దూదితో తాకినా తెలియకపోవడం, మోచేతి దగ్గర నరం లావెక్కడం దాని గుర్తులు. ఈ రెండింటికీ వెన్నులో నీరు తీయనక్కర లేదు.

సూది అవసరమే లేకుండా చేసేవి

మా గదికి వచ్చే నీటిని తగ్గించేది టీకాలు. పుట్టగానే వేసే బీసీజీ పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల క్షయను అంతగా ఆపలేదు. చిన్నపిల్లల్లో క్షయ మెనింజైటిస్ నుంచి మాత్రం బాగా కాపాడుతుంది. మన దేశంలో బీసీజీ వేయడం 1948లో మొదలైన చోట్లలో చిత్తూరు సీమలోని మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం క్షయ చరిత్రలో మన తెలుగు నేలకు దక్కిన చోటు. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేసే పెంటావాలెంట్‌లో హిమోఫిలస్ టీకా ఉంది, మన దేశంలో అది 2011 చివర్లో కేరళ, తమిళనాడులతో మొదలైంది. న్యూమోకాకస్ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది. ఆఫ్రికాలో ఏటా వేలమందిని బలిగొన్న మెనింగోకాకస్ 'ఏ' రకాన్ని 2010 డిసెంబరులో మొదలైన టీకా దాదాపు తుడిచిపెట్టింది. ఆ టీకా తయారైంది పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో. అంగన్‌వాడీలో ఇచ్చిన టీకా కార్డు మీద ఖాళీ గడి మిగిలి ఉంటే ఆశా కార్యకర్తను అడగండి.

కోలుకున్నవాళ్ళు మాట్లాడాలి

మెనింజైటిస్ తగ్గి ఇంటికి పంపేటప్పుడు పిల్లలకు నెల తిరక్కముందే వినికిడి పరీక్ష చేయించమని చెబుతాం. చాలామంది మళ్ళీ రారు. బడిలో మాట వినడం లేదని దెబ్బలు తినే పిల్లల్లో అసలే వినబడనివాళ్ళు ఉండొచ్చు, దయచేసి ఆ పరీక్ష వదలకండి.

నా పెద్ద విన్నపం ఇంకొకటి. వెన్నులో నీరు తీయించుకుని, పేరు తేలి, మందు పడి, సొంత కాళ్ళ మీద ఇంటికి నడిచివెళ్ళినవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్ళెవరూ ఆ సంగతి చెప్పుకోరు. జబ్బు పేరెత్తితే పిల్లకు సంబంధాలు రావని ఇంట్లోవాళ్ళు దాస్తారు, క్షయ అయితే మరీ దాస్తారు. వాళ్ళు నోరు విప్పకపోవడం వల్లే కాళ్ళు పడిపోయిన కథ ఒక్కటే ఊరంతా తిరుగుతోంది. మీరు ఆ కోలుకున్నవాళ్ళలో ఒకరైతే, పొరుగింట్లో ఎవరికైనా ఇదే పరీక్ష రాశారని తెలిసినప్పుడు ఆసుపత్రికి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. "నాకూ తీశారు, చూడండి, నడుస్తున్నాను" అని చెప్పండి. డాక్టర్లం గంటసేపు నచ్చజెప్పినా పెట్టని సంతకం, మీ మాటకు పెడతారు.